ప్రాణహిత రెండు ఒడ్లకూ కలిపి ఒక జియోపార్క్: ముందు ఎవరు ఎవరితో కూర్చోవాలి?

#1 నౌబత్‌పహాడ్_నాన్న · శనివారం రాత్రి 9:12

పోయిన ఆదివారం మా పాపను ఆదర్శ్‌నగర్ బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. అక్కడ కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది కదా, దాని కింద పావుగంట నిలబడింది. మెడ ఎత్తి ఎముకలు లెక్కపెడుతూ "నాన్నా, కోటా అంటే రాజస్థాన్ కోటానా? ఐఐటీ కోచింగ్ కోటానా?" అని అడిగింది. నాకు తెలియదు. ఇంటికి వచ్చి వెతికాను.

ఆ కోటా సిరొంచ దగ్గర ఒక చిన్న ఊరు. ప్రాణహితకు అవతలి ఒడ్డున, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో ఉంది. ఆ ఊరి పేరే అక్కడి రాతి పొరలకు పెట్టారు. ఎముకలు దొరికింది మాత్రం ఇవతల, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర. 1988లో జియొలాజికల్ సర్వే శాస్త్రవేత్త పి.యాదగిరి దానికి 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని పేరు పెట్టారు. అంటే ఆ జంతువు పేరులోనే ఏటికి రెండు ఒడ్లూ ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజంగా.

అప్పటి నుంచి జియోపార్కుల గురించి, అంటే రాళ్ళు, శిలాజాల విలువను బట్టి గుర్తింపు ఇచ్చే ప్రాంతాల గురించి, చదువుతున్నాను. రెండు దేశాలు కలిసి నడుపుతున్నవి కూడా ఉన్నాయి. ఆస్ట్రియా, స్లొవేనియా మధ్య కారవాంకెన్ జియోపార్కును 14 మున్సిపాలిటీలు కలిసి నడుపుతున్నాయట. మనకు అడ్డుగా ఉన్నది రాష్ట్రాల సరిహద్దే, పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు. మంచిర్యాల, భూపాలపల్లి జిల్లాలూ సిరొంచ తాలూకా కలిసి ఇలాంటిది పెట్టుకోలేవా? పెట్టుకుంటే ఎవరు నడపాలి? పంచాయతీలా, కలెక్టర్లా, టూరిజం శాఖా? తెలిసినవాళ్ళు చెప్పండి.

#2 రాతిమనిషి · శనివారం రాత్రి 10:05

బాబూ, మంచి ప్రశ్న వేశారు. ముప్ఫై ఏళ్ళు రాళ్ళతో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ముందు రాళ్ళ సంగతి చెప్తాను.

ప్రాణహిత-గోదావరి లోయ భూమి చీలి కుంగిన పల్లం. ఆ పల్లంలో కోట్ల ఏళ్ళపాటు నదులు ఇసుక, బురద తెచ్చి పోశాయి. అడుగున పెర్మియన్ కాలపు బొగ్గు ఉంది. మన సింగరేణి తవ్వేది దాన్నే. దాని పైన ఎర్రపల్లి, భీమారం, మాలేరి, ధర్మారం, ఆ పైన కోటా. ఇవన్నీ ఊళ్ళ పేర్లు, పుస్తకాల్లో రాతి పొరల పేర్లుగా మారాయి. ప్రపంచంలో ఎక్కడ ట్రయాసిక్ (తొలి డైనోసార్లు పుట్టిన కాలం) సరీసృపాల గురించి రాసినా మాలేరి పేరు రావాల్సిందే. ఆ ఊళ్ళవాళ్ళకు ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

సిరొంచ తాలూకా పోచంపల్లి దగ్గర బరపాసారస్ అనే డైనోసార్ దొరికింది. ఇది మన ఇకత్ చీరల పోచంపల్లి కాదు. కనీసం ఆరు జంతువుల ఎముకలు, దాదాపు 300 ముక్కలు. 1975లో పేరు పెట్టారు. తవ్వకాలు మొదలైంది రవీంద్రుడి శతజయంతి సంవత్సరంలో కాబట్టి 'బరపాసారస్ టాగోరై' అన్నారు. 'బర పా' అంటే బెంగాలీలో పెద్ద కాలు. ఆ అస్థిపంజరం కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉంది. కోటాసారస్ హైదరాబాద్‌లో ఉంది. ఎముకలు దొరికిన ఊళ్ళలో మాత్రం చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. అవతల వడధం దగ్గర అటవీశాఖ పెట్టిన ఫాసిల్ పార్కు ఒక్కటే కొంత నయం.

ఇక జియోపార్క్ అంటే కంచె వేసి టికెట్ పెట్టే పార్కు కాదు. ఊళ్ళు, పొలాలు, గనులు, గుళ్ళు అన్నీ అందులోనే ఉంటాయి. యునెస్కో 2015లో ఈ గుర్తింపును తన కిందకు తీసుకుంది. 2025 ఏప్రిల్ నాటికి 50 దేశాల్లో 229 ఉన్నాయి. మన దేశంలో ఒక్కటీ లేదు. రాళ్ళు తక్కువై కాదు.

#3 ఖాజాగూడ_వాకర్ · శనివారం రాత్రి 10:31

నిరుత్సాహపరచాలని కాదు గానీ ఒక మాట. హైదరాబాద్‌లో 250 కోట్ల ఏళ్ళ గ్రానైట్ గుట్టలు ఉన్నాయి. కొన్నింటిని వారసత్వ జాబితాలో కూడా పెట్టారు. నేను రోజూ పొద్దున నడిచే గుట్ట ఆ చివర నుంచి ఈ చివరకు రెండు ఆఫీసుల పరిధిలోకి వచ్చేది. ఒకవైపు రాళ్ళు పగలగొడుతున్నారని ఫిర్యాదు ఇస్తే "అది మా లిమిట్స్ కాదు" అన్నారు. రెండో ఆఫీసుకు వెళ్తే మళ్ళీ మొదటి ఆఫీసుకే పంపారు. ఈ తిరుగుళ్ళు అయ్యేలోపు నేను కూర్చుని మంచినీళ్ళు తాగే బండ కంకరైపోయింది. ఒకే ఊళ్ళో ఇలా ఉంటే రెండు రాష్ట్రాల మధ్య ఎలా కుదురుతుంది?

#4 క్లాగెన్‌ఫర్ట్_తెలుగు · ఆదివారం తెల్లవారుజాము 2:48

ఇక్కడ ఇంకా రాత్రే, అందుకే ఈ టైమ్. నేను మాస్టర్స్ కోసం ఆస్ట్రియా వచ్చి ఇక్కడే ఉండిపోయాను. కారవాంకెన్ మా ఊరి నుంచి గంటలోపు ప్రయాణం. చాలాసార్లు వెళ్ళాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మ్యాపులో చూస్తే పెద్దదేమీ కాదు, 977 చదరపు కిలోమీటర్లు. ఆస్ట్రియావైపు 9 మున్సిపాలిటీలు, స్లొవేనియావైపు 5. సరిహద్దు కొండల శిఖరాల మీదుగా పోతుంది. పెట్సెన్ అనే కొండకు రెండు దేశాల్లోనూ వాలు ఉంది. స్లొవేనియావాళ్ళు దాన్నే పెత్సా అంటారు. దాని కింద మత్యాష్ అనే రాజు బల్ల ముందు నిద్రపోతున్నాడని, గడ్డం పెరిగి బల్ల చుట్టూ తొమ్మిది చుట్లు తిరిగాక లేస్తాడని వాళ్ళ కథ. ఆ జియోపార్క్ గుండానే భూమి లోపల పెద్ద పగులు పోతుంది. ఆల్ప్స్ పర్వతాల్లో ఉత్తరభాగాన్నీ దక్షిణభాగాన్నీ విడదీసే గీత అది. అంటే అక్కడ దేశాల సరిహద్దు ఒకటి, భూమి సరిహద్దు మరొకటి.

ఆ మనుషుల మధ్య ఏం జరిగిందో తెలిస్తే మనకు ధైర్యం వస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆ ప్రాంతాన్ని రెండు ముక్కలు చేశారు. 1920లో ఏ దేశంలో ఉండాలో తేల్చడానికి ఇటువైపు ఓటింగ్ పెట్టారు. మెజిత్సా లోయను మాత్రం ఓటింగ్ లేకుండానే అటు ఇచ్చేశారు. 1972లో ఇటువైపు ఊళ్ళకు జర్మన్, స్లొవేన్ రెండు భాషల్లో బోర్డులు పెడితే కొన్ని వారాల్లోనే జనం పీకి పారేశారు. ఆ గొడవ తేలేసరికి 2011 వచ్చింది. 164 ఊళ్ళకు రెండు భాషల బోర్డులు అని ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత రెండేళ్ళకే, 2013లో, ఈ జియోపార్క్ యూరోపియన్, గ్లోబల్ నెట్‌వర్క్‌ల్లో చేరింది. ఇప్పుడు జియోపార్క్ బోర్డులు చూస్తే రెండు భాషలూ పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని కింద ఒకటి కాదు. మొదటిసారి అలాంటి బోర్డు చూసినప్పుడు నాకు ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదు. ఈ చరిత్ర చదివాక మళ్ళీ వెళ్ళి కాసేపు ఆ బోర్డు ముందే నిలబడ్డాను.

ఇక పాలన సంగతి. మొదట అది ఒక ఒప్పందం మీద నడిచే కార్యవర్గం లాంటిది. దానికి సొంత చట్టపరమైన ఉనికి బలంగా లేకపోతే ప్రాజెక్టు డబ్బు తీసుకోవాలన్నా, మనిషిని ఉద్యోగంలో పెట్టుకోవాలన్నా ఎవరో ఒక మున్సిపాలిటీ పేరు మీద చేయాలి. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగీ అయిపోతాడు. 2019లో దీన్ని ఈజీటీసీ అనే ఉమ్మడి సంస్థగా మార్చుకున్నారు. 2006 నాటి యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం వేర్వేరు దేశాల స్థానిక సంస్థలు కలిసి ఒకే సంస్థగా రిజిస్టర్ చేసుకోవచ్చు. దానికి సభ్యుల ప్రతినిధులతో ఒక సాధారణ సభ ఉండాలి, ఒక డైరెక్టర్ ఉండాలి. ఆఫీసు ఏ దేశంలో ఉంటే ఆ దేశపు చట్టం వర్తిస్తుంది. అదొక్కటే తేడా, మిగతా అంతా ఉమ్మడే.

ఖాజాగూడ అన్నా, మీ గుట్టకు జరిగింది చదివి బాధేసింది. 'మా లిమిట్స్ కాదు' అనే మాట ఇక్కడా ఉండేది. రెండువైపులా బాధ్యత ఉన్న ఆఫీసు ఒకటి వచ్చాక, ఫిర్యాదు ఎక్కడికి పోవాలో జనానికి తెలిసింది.

#5 కూకట్‌పల్లి_కామర్స్ · ఆదివారం ఉదయం 8:20

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? యునెస్కో ఇస్తుందా?

#6 క్లాగెన్‌ఫర్ట్_తెలుగు · ఆదివారం ఉదయం 11:15

యునెస్కో నడపడానికి పైసా ఇవ్వదండీ. ఇచ్చేది పేరే. ఇక్కడైతే సభ్య మున్సిపాలిటీల డబ్బుకు సరిహద్దు ప్రాంతాల కోసం ఉన్న ఇంటర్‌రెగ్ అనే యూరోపియన్ నిధి తోడైంది. ఆ నిధి తీసుకోవాలంటే రెండువైపులా భాగస్వాములు ఉండి తీరాలి. కలిసి అడిగితేనే డబ్బు వస్తుంది కాబట్టి కలిసి కూర్చోవడం అలవాటైంది.

మెజిత్సాలో సీసం, జింకు గని మూతపడింది. మూడువందల ఏళ్ళకు పైగా ఆ ఊరు దాని మీదే బతికింది. ఇప్పుడు గని రైల్లో లోపలికి తీసుకెళ్తారు. సైకిల్ మీద ఒక కొండ కింద దూరి అటువైపు తేలవచ్చు, నీళ్ళు నిండిన సొరంగాల్లో కయాక్ వేయవచ్చు. ఇటువైపు బాడ్ ఐజెన్‌కాపెల్ దగ్గర ఓబిర్ గుహలు. ఒకచోట టికెట్ కొన్నవాళ్ళ చేతిలో రెండోవైపు చూడాల్సినవి కూడా ఉన్న మ్యాపు పెడతారు. ప్రచారం అంటే నాకు అర్థమైంది అదే.

#7 సిరొంచ_ఆడపడుచు · ఆదివారం మధ్యాహ్నం 1:40

అందరికీ నమస్తే. ఈ చర్చ మా చెల్లి పంపితే చూశాను. మాది సిరొంచ దగ్గర పల్లె. పెళ్ళయి పదకొండేళ్ళుగా నిజాంపేటలో ఉంటున్నాను. మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో మరాఠీ చదివాం. హైదరాబాద్ వచ్చిన కొత్తలో "మీ తెలుగు బాగుంది, మహారాష్ట్ర వాళ్ళయినా" అనేవాళ్ళు. ఏం చెప్పాలో తెలిసేది కాదు.

మా అమ్మమ్మ ఇంటి వెనక బట్టలుతికే బండ ఒకటి ఉంది. పలకలా సాఫీగా ఉండే బూడిద రంగు సున్నపురాయి. దాని ఒక మూలన నల్లగా, నిగనిగలాడే చిన్న చిన్న బిళ్ళలు ఉంటాయి, ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి, సగం చేప ఆకారంలో. బిళ్ళ ప్రతిదీ చింతగింజలో సగం ఉంటుంది. తడిస్తే ఇంకా మెరుస్తాయి. చిన్నప్పుడు వాటిని గోరుతో పీకాలని చూసేదాన్ని. "రాతిచేప, దాన్ని ముట్టుకోకు" అనేది అమ్మమ్మ. నేను కథ అనుకున్నాను. రాతిమనిషి సార్, అది నిజంగా చేపేనా?

ఇంకో మాట. మా ఒడ్డు మనుషులతో మాట్లాడేటప్పుడు జాగ్రత్తగా మొదలుపెట్టండి. మేడిగడ్డ బ్యారేజీ నీళ్ళు పొలాల్లోకి వస్తున్నాయని సిరొంచ రైతులు ఎన్నోసార్లు ఆందోళన చేశారు. హైదరాబాద్ నుంచి మ్యాపులు పట్టుకుని ఎవరు వచ్చినా ముందు "ఈసారి ఏం తీసుకుంటారు?" అనే అడుగుతారు. జియోపార్క్ అంటే భూమి పోతుందేమో అన్న టెన్షన్ వస్తుంది. ఆ టెన్షన్ తీర్చకుండా బోర్డులు పెట్టకండి.

#8 రాతిమనిషి · ఆదివారం మధ్యాహ్నం 2:22

అమ్మా, అది చేపే. కోటా సున్నపురాయి మంచినీటి సరస్సుల్లో పేరుకున్నది. లెపిడోటిస్ అనే చేపకు ఇప్పటి చేపల్లాంటి పల్చటి పొలుసులు ఉండవు. పింగాణీ పూసిన పలకల్లాంటి దళసరి పొలుసులు. అందుకే ఇన్ని కోట్ల ఏళ్ళకూ మెరుపు పోలేదు. ఈ లోయ చేపల గురించి 1850ల నాటికే లండన్‌లో వ్యాసాలు వచ్చాయి. మీ అమ్మమ్మగారు పెట్టిన పేరు పుస్తకంలో పేరు కంటే బాగుంది.

ఒక మనవి: దాన్ని ఎవరికీ అమ్మకండి, ఫోటో ఇక్కడ పెట్టినా ఊరి పేరు రాయకండి. శిలాజాలు కొనేవాళ్ళు ఉన్నారు. యునెస్కో నియమాల్లో కూడా ఇది గట్టిగా ఉంది. జియోపార్క్ నడిపే సంస్థ శిలాజాలు, ఖనిజాల అమ్మకంలో పాలుపంచుకోకూడదు.

భూమి సంగతి: జియోపార్క్ గుర్తింపు వల్ల ఒక్క గుంట భూమి కూడా ఎవరి చేతిలోంచీ పోదు. అది కొత్త చట్టమూ కాదు, కొత్త నిషేధమూ కాదు. ఉన్న చట్టాలే ఉంటాయి. ఈ మాట రెండు భాషల్లో మొదటి రోజే చెప్పాలి, ఆడపడుచు గారు అన్నది అక్షరాలా నిజం.

#9 పంచాయతీ_రిటైర్డ్ · ఆదివారం సాయంత్రం 5:03

నేను ఎంపీడీవోగా చేసి దిగిపోయాను, ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నాను. రాళ్ళ గురించి నాకు తెలియదు. కమిటీల గురించి తెలుసు.

2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు వచ్చాయి. పన్నెండు రోజులు, ఒకే నది, ఇటు కాళేశ్వరం, అటు సిరొంచ. భక్తుడికి రాష్ట్రం ఉండదు. ఇటు ఘాట్‌లో రద్దీ ఉంటే వంతెన దాటి అటు మునుగుతాడు. పార్కింగు, అంబులెన్సు, గజ ఈతగాళ్ళు, తప్పిపోయిన పిల్లలు, ఇవన్నీ రెండు ఒడ్లవాళ్ళూ ఫోన్లలో మాట్లాడుకుంటే తప్ప నడవవు. పుష్కరాలు అయిపోయాక మాత్రం మాట్లాడుకోవాల్సిన పని ఉండదు. అక్కడే తెగుతుంది. నా అనుభవంలో ఏ ఉమ్మడి పనికైనా రోగం ఇదే: పండగకు కమిటీ ఉంటుంది, పండగ తర్వాత ఉండదు.

కాబట్టి నా సలహా. సర్పంచులు, సిరొంచ నగర పంచాయతీ, మన వైపు మండలాలు మూడు నెలలకోసారి కూర్చునే ఒక తేదీ ముందే పెట్టుకోవాలి, ఒకసారి ఇటు, ఒకసారి అటు. మినిట్స్ రెండు భాషల్లో రాయాలి. ఎజెండాలో ఒక్క పని ఉన్నా చాలు. కలెక్టర్లు మారిపోతారు, మంత్రులు మారిపోతారు. నెలజీతం తీసుకుని ఆ మినిట్స్ రాసే మనిషి ఒక్కడు ఉంటే ఆ కమిటీ బతుకుతుంది. క్లాగెన్‌ఫర్ట్ బాబు చెప్పిందాంట్లో నాకు బాగా నచ్చింది ఆ డైరెక్టరు, ఆ ఆఫీసు.

#10 బెల్లంపల్లి_బొగ్గు · ఆదివారం రాత్రి 8:44

అందరూ చిన్నగా ఆలోచిస్తున్నారు. ముందు యునెస్కోకు దరఖాస్తు పెట్టాలి. పేరు వస్తే ప్రభుత్వాలే పరిగెత్తుకుంటూ వస్తాయి. రామప్పకు 2021లో గుర్తింపు వచ్చాక ఎంత మార్పు వచ్చిందో చూశాం కదా. మా బెల్లంపల్లిలో గనులు మూతపడి క్వార్టర్స్ ఖాళీ అయ్యాయి. మా నాన్న దిగిన గని నోటి దగ్గర ఇప్పుడు సర్కారు తుమ్మ మొలిచింది. మాకు పంచాయతీ మీటింగులు కాదు, ఉద్యోగాలు కావాలి. మెజిత్సాలో గనిలోకి టూరిస్టులు వెళ్తున్నారంటే మా దగ్గర ఎందుకు వెళ్ళరు?

#11 క్లాగెన్‌ఫర్ట్_తెలుగు · ఆదివారం రాత్రి 11:30

అన్నా, మీ కోపం అర్థమైంది. అయితే రామప్పది ప్రపంచ వారసత్వం, ఇది వేరు. జియోపార్కుకు దరఖాస్తు పెట్టాలంటే అంతకుముందే కనీసం ఏడాదిపాటు అది జియోపార్కుగా నడుస్తూ ఉండాలి. చట్టప్రకారం ఉనికి ఉన్న నిర్వహణ సంస్థ, సిబ్బంది, ప్రణాళిక అన్నీ అప్పటికే ఉండాలి. ఇద్దరు పరిశీలకులు వచ్చి ఊళ్ళు తిరిగి చూస్తారు. సరిహద్దు దాటిన జియోపార్క్ అయితే రెండువైపులా నిజంగా కలిసి పనిచేస్తున్నారా అని కచ్చితంగా చూస్తారు.

పేరు వచ్చాక కూడా అది శాశ్వతం కాదు. నాలుగేళ్ళకోసారి మళ్ళీ చూస్తారు. బాగుంటే గ్రీన్ కార్డు, ఇంకో నాలుగేళ్ళు. లోపాలుంటే ఎల్లో కార్డు, రెండేళ్ళలో సరిదిద్దుకోవాలి. లేదంటే రెడ్ కార్డు, పేరు పోతుంది. మీటింగులు లేకుండా పేరు తెచ్చుకున్నా నాలుగేళ్ళకు అదే మీటింగుల దగ్గరికి రావాలి.

#12 బెల్లంపల్లి_బొగ్గు · ఆదివారం రాత్రి 11:52

ఏడాది ముందే నడవాలన్న సంగతి నాకు తెలియదు. అయితే సరే. కానీ మా గనుల ఊళ్ళను మ్యాపులో పెట్టండి. డైనోసార్ ఎముకలకే జియోపార్క్ అనుకోవద్దు. ఆ బొగ్గు కూడా అదే లోయది.

#13 హైకోర్టు_మెట్లు · సోమవారం ఉదయం 7:10

చట్టం వైపు నుంచి నాలుగు మాటలు. నేను ప్రాక్టీసు చేస్తున్న లాయర్ని.

యూరప్‌లో ఉన్న ఈజీటీసీ లాంటి చట్టం మనకు లేదు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 తెలంగాణలోనే చెల్లుతుంది, మహారాష్ట్ర చట్టం మహారాష్ట్రలోనే. రెండు రాష్ట్రాల పంచాయతీలు కలిసి ఒక ఉమ్మడి సంస్థ పెట్టుకోవడానికి ఆ చట్టాల్లో దారి దొరకదు. రాష్ట్రాల మధ్య సమస్యలు మాట్లాడుకునే జోనల్ కౌన్సిళ్ళు ఉన్నాయి కదా అంటారు. 1956 చట్టం కింద పెట్టినవి. కానీ తెలంగాణ దక్షిణ మండలిలో ఉంది, మహారాష్ట్ర పశ్చిమ మండలిలో ఉంది. మనిద్దరం ఒకే బల్ల దగ్గర లేం.

మిగిలిన దారులు మూడు కనిపిస్తున్నాయి. ఒకటి, రెండు ప్రభుత్వాలూ ఒప్పందం రాసుకుని ఉమ్మడి బోర్డు పెట్టుకోవడం. గోదావరి ప్రాజెక్టుల కోసం 2016లో ఈ రెండు రాష్ట్రాలే అలా చేశాయి, కాబట్టి అలవాటు లేని పని కాదు. రెండు, కంపెనీల చట్టం 2013 సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీ. అది కేంద్ర చట్టం, ఎక్కడ రిజిస్టరైనా రెండు రాష్ట్రాల్లో పనిచేయొచ్చు. పంచాయతీలను అందులో సభ్యులుగా చేర్చాలంటే రెండు ప్రభుత్వాల అనుమతీ తీసుకోవాలి. మూడోది నాకు ఇష్టమైనది: బహుళ రాష్ట్ర సహకార సంఘాల చట్టం 2002. రెండు ఒడ్లలోని మత్స్యకారుల సంఘాలు, మహిళా సంఘాలు సహకార సంఘాలుగా ఉంటే అవన్నీ సభ్యులుగా ఒక పెద్ద సంఘం పెట్టుకోవచ్చు. గైడ్లు, హోమ్‌స్టేలు, పడవలు నడిపేది ఆ సంఘం. నిధులు, రక్షణ చూసేది ఆ ఉమ్మడి బోర్డు.

మరిచిపోకూడని సంగతి ఇంకొకటి. గడ్చిరోలిలో చాలా భాగం షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ 1996 నాటి పెసా చట్టం ప్రకారం గ్రామసభదే మొదటి మాట. సర్పంచి సంతకం ఒక్కటే చాలదు, ఊరు కూర్చోవాలి.

శిలాజాలకు మన దేశంలో గట్టి రక్షణ చట్టం లేదనే చెప్పాలి. 2022 డిసెంబరులో గనుల శాఖ భూవారసత్వ ప్రదేశాల ముసాయిదా బిల్లును అభిప్రాయాల కోసం పెట్టింది. అందులో అధికారం ఎక్కువగా పైనే ఉందని నాకు అనిపించింది. బండ ఉన్న ఊరికి హక్కు లేకపోతే కాపలా ఎవరు కాస్తారు?

#14 ఖాజాగూడ_వాకర్ · సోమవారం ఉదయం 9:35

లాయర్ గారూ, రాసి పెట్టుకున్నాను. రాతిమనిషి సార్, మిగతా సరిహద్దు జియోపార్కులు ఎలా నడుస్తున్నాయి? అన్నీ కారవాంకెన్ లాగే బాగున్నాయా?

#15 రాతిమనిషి · సోమవారం మధ్యాహ్నం 12:18

ఒకటి చెప్తాను, దాన్నుంచి మనం నేర్చుకోవాల్సింది ఎక్కువ ఉంది.

ఉత్తర ఐర్లండ్‌లో మార్బుల్ ఆర్చ్ గుహలు. 2001లో యూరోపియన్ జియోపార్క్ అయింది. 2008లో సరిహద్దు దాటి ఐర్లండ్ రిపబ్లిక్‌లోని కేవన్ కౌంటీలోకి విస్తరించారు. ప్రపంచంలో రెండు దేశాల్లో ఉన్న మొదటి జియోపార్క్ అదే. తుపాకులు, చెక్‌పోస్టుల సరిహద్దు అది. 1998లో శాంతి ఒప్పందం అయింది, పదేళ్ళలో రెండు స్థానిక కౌన్సిళ్ళు కలిసి ఒకే కొండను చూసుకునే స్థాయికి వచ్చాయి. ఇప్పుడు దాని పేరు కిల్కా లేక్‌లాండ్స్. కొండ పేరు, సరస్సుల పేరు కలిపారు. రెండువైపులా మాది అనుకునే పేరు. మనం కూడా 'కాళేశ్వరం జియోపార్క్' అంటే సిరొంచకు, 'సిరొంచ జియోపార్క్' అంటే ఇటువాళ్ళకు నచ్చదు. 'ప్రాణహిత' అంటే ఇద్దరిదీ.

అక్కడే జరిగిన రెండో సంగతి కూడా వినండి. కిల్కా కొండ మీద నీటిని దాచుకునే పీట్ నేల ఉంది, జనం తొక్కితే పాడవుతుంది. దాన్ని కాపాడటానికి 2015లో చెక్కబాట వేశారు. ఎవరో ఫోటో పెడితే అది సోషల్ మీడియాలో 'స్వర్గానికి మెట్లు' అని పాకిపోయింది. జనం విరుచుకుపడ్డారు. చిన్న పల్లెదారిలో కార్లు నిలిచిపోయాయి. నేలను కాపాడటానికి వేసిన బాటే నేలకు భారమైంది. ప్రచారం మొదలుపెట్టేముందు పార్కింగూ మరుగుదొడ్లూ ఎక్కడో తేల్చుకోవాలి. నేను దీన్ని చిన్న విషయంగా అనుకోవడం లేదు.

జర్మనీ, పోలండ్ మధ్య ముస్కావు వంపు అనే జియోపార్క్ కూడా ఉంది. మంచుయుగపు హిమానీనదం తోసిన గుట్టలు, పాత లిగ్నైట్ బొగ్గు గనుల గుంతల్లో నిండిన రంగురంగుల చెరువులు, మధ్యలో సరిహద్దు నది. బెల్లంపల్లి తమ్ముడు అన్నట్టు, గని ఊళ్ళు జియోపార్కులో గర్వంగా చూపించే భాగాలు కావచ్చు.

#16 పంచాయతీ_రిటైర్డ్ · సోమవారం సాయంత్రం 6:40

ఇన్ని మంచి మాటలు అయ్యాయి కాబట్టి పని మాట్లాడుకుందాం. 2027లో గోదావరి పుష్కరాలు. కాళేశ్వరానికి ఎన్ని లక్షల మంది వస్తారో మీకు తెలుసు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి అది, దర్శనానికి వచ్చినవాళ్ళు నదికి రెండువైపులా తిరుగుతారు. ఆ రోజుల్లో వాళ్ళ చేతిలో ఒక మ్యాపు పెట్టగలిగితే చాలు. ఒక కాగితం, ఒకవైపు తెలుగు, ఒకవైపు మరాఠీ. సంగమం, గుడి, వడధం రాతిచెట్లు, కోటా ఊరు, యామన్‌పల్లి. శిలాజాలు బయట పడి ఉన్న చోట్లు మాత్రం వద్దు, కాపలా లేనిచోట పేరు వేయొద్దు.

ఆ మ్యాపు కింద రెండు పంచాయతీల ముద్రలు పక్కపక్కన పడాలి. మొదటి మీటింగుకు అదే ఎజెండా. ముద్ర వేయడానికి ఎవరి తీర్మానం కావాలి, అచ్చు ఖర్చు ఎవరెంత పెట్టుకోవాలి, తప్పులు ఎవరు దిద్దాలి. ఈ మూడు తేల్చుకోగలిగితే వాళ్ళు రేపు ఆఫీసు కూడా పెట్టుకోగలరు. తేల్చుకోలేకపోతే యునెస్కో దాకా పోవడం దండగ.

#17 కూకట్‌పల్లి_కామర్స్ · సోమవారం సాయంత్రం 7:05

అచ్చు ఖర్చు నేను చూసుకుంటాను సార్, మాకు ప్రెస్ ఉంది. కానీ మీరన్నట్టు వాళ్ళే పంచుకుంటే మేలేమో. ఉచితంగా ఇస్తే అది హైదరాబాద్ వాళ్ళ మ్యాపు అయిపోతుంది.

#18 పంచాయతీ_రిటైర్డ్ · సోమవారం సాయంత్రం 7:21

సరిగ్గా పట్టుకున్నారు. సగం మీరు తగ్గించండి, మిగతా సగం ఇద్దరూ పెట్టుకుంటారు. ఐదువందలైనా సరే, వాళ్ళ పద్దులో రాయాలి.

#19 సిరొంచ_ఆడపడుచు · సోమవారం రాత్రి 9:50

మరాఠీ వైపు నేను రాస్తాను. మా బడి టీచరు ఒకరు రిటైరై అక్కడే ఉన్నారు, దిద్దిపెడతారు. తెలుగు వైపు కూడా ఒక సంగతి చూసుకోండి. మా ఒడ్డున మాట్లాడే తెలుగు చదవలేని పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు, ఎందుకంటే బడిలో మరాఠీ లిపే నేర్చుకున్నారు. వాళ్ళకు మన తెలుగు మాటే దేవనాగరిలో రాస్తే చదువుతారు. అందుకని మ్యాపు మీద ఊరి పేర్లు రెండు లిపుల్లోనూ ఉండాలి, రెండువైపులా. 1860లో నిజాం సిరొంచను ఇంగ్లీషువాళ్ళకు వదులుకున్నప్పుడు నది సరిహద్దు అయింది. మా భాష మాత్రం నది దాటే ఉంది.

ఇవాళ అమ్మమ్మకు ఫోన్ చేశాను. అది నిజంగానే చేపట, డైనోసార్ల కాలపుదట అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నలభై ఏళ్ళు దాని మీద సబ్బు రుద్దాను" అంది. సాయంత్రం మామయ్య ఫోటో పంపాడు. బండ మీద గోనెపట్టా కప్పి, అంచులకు ఇటుకలు పెట్టారు. ఉతకడానికి పక్కన వేరే రాయి వేసుకున్నారు.

#20 నౌబత్‌పహాడ్_నాన్న · సోమవారం రాత్రి 10:34

ఈ ఫోటో మా పాపకు చూపించాను. ఆ అమ్మమ్మ వాళ్ళను చూడటానికి వెళ్దామంటోంది.

వచ్చే శనివారం తెల్లవారుజామున 5 గంటలకు ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర కలుద్దాం. ఇప్పటికి రాతిమనిషి సార్, పంచాయతీ సార్, లాయర్ గారు, ఆడపడుచు గారు, మేమిద్దరం. తూఫాన్ బండి మాట్లాడాను, ఇంకా నాలుగు సీట్లు ఉన్నాయి. మధ్యాహ్నానికి కాళేశ్వరం, సాయంత్రం వంతెన దాటి సిరొంచ, రాత్రి అక్కడే బస. ఆదివారం ఉదయం ఆడపడుచు గారి ఊళ్ళో పెద్దమనుషులతో కూర్చుంటాం. కాగితాలు, మ్యాపులు ఏమీ తీసుకురావద్దు, ఈసారి వినడానికే వెళ్తున్నాం. బెల్లంపల్లి తమ్ముడూ, నువ్వు మంచిర్యాల నుంచి రాగలిగితే చెన్నూరు మీదుగా వచ్చి కాళేశ్వరంలో కలువు.

#21 బెల్లంపల్లి_బొగ్గు · సోమవారం రాత్రి 10:41

వస్తున్నా అన్నా. మా నాన్నను కూడా తెస్తా.